పెద్ద క్యాంపర్ ట్రైలర్‌ను భద్రంగా లాగడానికి ఏ పికప్ ట్రక్కు తీసుకోవాలి?

శ్రీధర్, కాడుగోడి, బెంగళూరు

అందరికీ నమస్కారం. మాది పలమనేరు. ఉద్యోగరీత్యా 16 ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. ఇంట్లో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ, మొత్తం ఐదుగురం. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువ కావడంతో దూరప్రయాణాల్లో బాత్రూము దొరకడమే మాకు పెద్ద సమస్య అయింది. అందుకని పడకలు, చిన్న వంటగది, బాత్రూము ఉన్న క్యాంపర్ ట్రైలర్ కోసం రెండేళ్లుగా వెతికి, ఈ మధ్యనే ఒక తయారీదారుకు బయానా ఇచ్చాను. దాని పొడవు 18 అడుగులు. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. ఖాళీ బరువు 1,650 కిలోలు ఉంటుందని ఆయన చెప్పారు. లోపలి పని చివరి దశలో ఉంది.

ఇప్పుడు దీన్ని లాగే బండి కొనాలి. ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ రెండూ నడిపి చూశాను. మొదటిది 1.9 లీటర్ల డీజిల్, 163 పీఎస్ శక్తి, 360 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. రెండోది 2.8 లీటర్ల డీజిల్, 204 పీఎస్, ఆటోమేటిక్ గేర్లతో 500, మాన్యువల్‌తో 420 న్యూటన్ మీటర్లు. విదేశాల్లో హైలక్స్‌తో 3,500 కిలోల ట్రైలర్ లాగుతారని వీడియోల్లో చూశాను. ఆ లెక్కన మాది అందులో సగమే కదా అని నాకు తెలిసిన ఒకరు ధైర్యం చెప్పారు. మా బావగారేమో తన దగ్గరున్న థార్ చాలదా అంటున్నారు.

ఎక్కుడు గురించి నాకు అంత దిగులు లేదు. పండగలకు మా ఊరికి, అక్కడి నుంచి తిరుపతికి వెళ్తుంటాము. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో బ్రేకులు పట్టని లారీలు బోల్తాపడి ఉండడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. వెనక నుంచి రెండు టన్నుల బరువు తోస్తుండగా, అమ్మనూ పిల్లలనూ కూర్చోబెట్టుకొని ఆ దిగుడు దిగడం తలుచుకుంటేనే గుండె దడగా ఉంటున్నది. అనుభవం ఉన్నవారు లెక్కతో సహా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

మాధవి, సర్జాపూర్ రోడ్డు, బెంగళూరు

శ్రీధర్ గారూ, మేము టెక్సాస్‌లో 11 ఏళ్లు ఉండి 2021లో తిరిగి వచ్చేశాము. అక్కడ 26 అడుగుల క్యాంపర్ ట్రైలర్‌ను ఒకదాని తరువాత ఒకటిగా రెండు ట్రక్కులతో లాగాము. రెండో ట్రక్కు ఎందుకు కొనవలసి వచ్చిందో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

మొదట అక్కడివారు హాఫ్ టన్ను అని పిలిచే తరగతి పికప్ కొన్నాము. అది 11,000 పౌండ్లు, అంటే దాదాపు 5,000 కిలోలు లాగుతుందని బ్రోషరులో ఉంది. మా ట్రైలర్ నిండా సర్దితే 7,000 పౌండ్లు, అంటే 3,175 కిలోలు. ఇంకా ఎంతో మిగిలే ఉందని నిశ్చింతగా ఉన్నాము. అయితే ఆ దేశపు బండ్లలో డ్రైవరు తలుపు తెరిస్తే ద్వారబంధం అంచున ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదన్న అంకె దాని మీద ఉంటుంది. మా బండికి అది 1,500 పౌండ్లు, అంటే 680 కిలోలు. ట్రైలర్ ముక్కు హుక్కు మీద మోపే బరువు కూడా ఈ 680లోనే కలుస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు. 3,175లో ఎనిమిదో వంతు, దాదాపు 400 కిలోలు, అక్కడే పడింది. మిగిలిన 280 కిలోలు మేము నలుగురం ఎక్కి, హుక్కు సామగ్రి, పిల్లల సైకిళ్లు వేసేసరికి అయిపోయాయి. లాగే శక్తి ఇంకా 1,800 కిలోలకు పైగా మిగిలి ఉండగానే మోసే శక్తి పూర్తిగా అడుగంటింది. ఈ సంగతి ఒక ట్రక్ స్టాపులో కాటా వేయించాకనే మాకు తెలిసింది.

అంతకు ముందే మాకు ఒక హెచ్చరిక అందింది. ఓక్లహోమా వైపు వెళ్తుండగా ఒక పెద్ద లారీ పక్క నుంచి దాటిపోయిన గాలికి ట్రైలర్ వెనక భాగం ఊగడం మొదలుపెట్టింది. అద్దంలో దాని ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి కనిపిస్తుంటే నాకు నోట మాట రాలేదు. మావారు కాలి బ్రేకు తొక్కలేదు, స్టీరింగు తిప్పలేదు. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగును నిలకడగా పట్టుకొని, ట్రైలర్ బ్రేకు మీటను మాత్రం చేత్తో నొక్కారు. ముందు బండి స్వేచ్ఛగా ఉండి వెనకది వెనక్కు లాగినట్టయితే ఊపు దానంతట అదే సర్దుకుంటుంది. భయపడి కాలి బ్రేకు గట్టిగా తొక్కితే ట్రైలర్ ముందు బండిని పక్కకు తోసి మడతపడే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాము. 1,650 అన్నది ఖాళీ బరువు. 150 లీటర్ల నీళ్లు నింపితే 150 కిలోలు. ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాస్ సిలిండరు ఇనుముతో కలిపి 30 కిలోల దాకా వస్తుంది. రెండు ట్యూబ్యులర్ బ్యాటరీలు 110. పరుపులు, పాత్రలు, బట్టలు, కుర్చీలు, సరుకులు 210 అనుకుంటే మొత్తం 2,150. హుక్కు మీద పడవలసినది ఇందులో 10 నుంచి 15 శాతం. కనీసం 215 కిలోలు. అంతకంటే తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది, బాగా పెరిగితే ట్రక్కు వెనక భాగం కుంగుతుంది.

ఈ 215 కిలోలు వెనక ఇరుసు మీద 215గా పడవు. హైలక్స్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3,085 మిల్లీమీటర్లు. హుక్కు వెనక ఇరుసుకు 1.25 మీటర్లు వెనగ్గా ఉందనుకుంటే, అది తక్కెడలాగా పనిచేసి వెనక ఇరుసు మీద 302 కిలోలు మోపి, ముందు ఇరుసు నుంచి 87 కిలోలు ఎత్తేస్తుంది. స్టీరింగు, బ్రేకుల్లో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే ఆధారపడి ఉంటాయి కనుక మీరు భయపడుతున్న దిగుడులో నష్టం చేసేది ఈ 87 కిలోలే. దీన్ని తిరిగి ముందుకు పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హుక్కులు ఉన్నాయి. అయితే వాటిని వాడవచ్చో లేదో ట్రక్కు తయారీదారు, ట్రైలర్ చట్రం తయారీదారు ఇద్దరూ చెప్పాలి.

థార్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. మూడు తలుపుల థార్ ఇరుసుల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. లాగే బండి పొట్టిదైన కొద్దీ వెనకది దాన్ని సులువుగా తిప్పేస్తుంది. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. వి-క్రాస్, హైలక్స్ రెండూ 3 మీటర్లకు పైనే ఉన్నాయి కనుక ఆ విషయంలో వాటికి పెద్ద తేడా లేదు.

ఇక 3,500 కిలోల మాట. అది ఇతర దేశాల్లో, అక్కడి రకానికి, బ్రేకులున్న ట్రైలర్‌కు ఇచ్చిన అంకె. మన దేశంలో అమ్మే రకానికి బండితో ఇచ్చే మాన్యువల్ పుస్తకంలో ఏముందో, లేదా కంపెనీ రాతపూర్వకంగా ఏమిస్తుందో అదే మీకు ప్రమాణం. అమెరికాలో ఈ అంకెలను లెక్కగట్టే జె2807 అనే ప్రమాణంలో కూడా డ్రైవరు, పక్కన ఒకరు, ఒక్కొక్కరు 68 కిలోలు అని మాత్రమే తీసుకుంటారు. మీరు ఐదుగురు.

రమణయ్య, రెడ్‌హిల్స్, చెన్నై

శ్రీధర్ గారికి, మాధవి గారికి నమస్కారం. మాది నెల్లూరు. మా నాన్నగారి కాలం నుంచి లారీలు తిప్పుతున్నాము. నేను 1998 నుంచి చెన్నైలో ఉంటూ ట్రైలర్ బండ్లు చూసుకుంటున్నాను. మాధవి గారు మోసే శక్తి గురించి వివరంగా చెప్పారు కనుక నేను ఆపే శక్తి గురించి మాత్రమే రాస్తాను.

దిగుడులో బ్రేకులు ఎందుకు పోతాయో మా అబ్బాయి ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూపించాడు. 300 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు బండిలోంచి తీసేయవలసిన శక్తి, గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి దాన్ని పూర్తిగా ఆపడానికి కావలసిన శక్తికి దాదాపు 12 రెట్లు ఉంటుంది. బరువు ఎంతైనా ఈ నిష్పత్తి మారదు. అంటే ఘాట్ దిగే ఆ కొద్ది నిమిషాల్లో 12 సార్లు నిండు వేగం నుంచి బండిని ఆపినంత వేడి పుడుతుందన్నమాట. అందులో అధిక భాగాన్ని ఇంజనుతో ఆపించకపోతే డ్రమ్ములు కాగి లైనింగులు మాడిపోతాయి. ఆ తరువాత పెడలు నేల దాకా తొక్కినా బండి ఆగదు. మాడిన లైనింగు వాసన ఒకసారి పీల్చినవారు జీవితంలో మరచిపోరు.

కనుక ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమవుతుందో దిగేటప్పుడు కూడా ఆ గేరులోనే దిగాలి. ఘాట్ మొదలయ్యాక గేరు తగ్గించడం కాదు, పైనుండగానే వేగం తగ్గించి, గేరు మార్చి, అప్పుడు దిగుడులోకి రావాలి. ఆటోమేటిక్ తీసుకుంటే చేతితో గేరు నిలిపే పద్ధతిని ఖాళీ రోడ్డు మీద బాగా సాధన చేయండి. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు కొందరికి ఉంది. తొప్పూరు ఘాట్‌లో దాని ఫలితం మా కళ్లతో చూశాము. ఆ పని ఎన్నటికీ చేయకండి.

తయారీదారును మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ట్రైలర్‌కు ఎటువంటి బ్రేకు పెట్టారని. ముందు బండి నెమ్మదించినప్పుడు వెనకది వచ్చి నెట్టుకోవడం వల్ల తనంతట తాను పడే ఓవర్‌రన్ బ్రేకు ఒక రకం. చదును రోడ్డు మీద అది చక్కగా పనిచేస్తుంది. కాని దిగుడు పొడవునా ట్రైలర్ ముందు బండి మీద వాలుతూనే ఉంటుంది కనుక ఆ బ్రేకు విడుపు లేకుండా రాసుకుంటూ వేడెక్కుతుంది. రెండో రకం విద్యుత్తుతో పనిచేసేది. దాన్ని డ్రైవరు దగ్గరున్న కంట్రోలరు నుంచి ఎంత కావాలంటే అంత, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేయవచ్చు. మాధవి గారి భర్త చేత్తో నొక్కినది అదే. మీరు ఘాట్‌లలో తిరిగేవారు కనుక నాలుగు చక్రాలకూ విద్యుత్ బ్రేకు పెట్టమని పట్టుబట్టండి. హుక్కు ఊడిపోతే దానంతట అదే బ్రేకు పడే తీగ, రెండు భద్రతా గొలుసులు కూడా ఉండాలి. గొలుసులను హుక్కు కింద ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు అడ్డంగా తగిలిస్తే, ముక్కు జారినా నేలకు తగలకుండా వాటి మీద ఆగుతుంది.

మరొక చిన్న మాట. మన రోడ్ల మీద స్పీడు బ్రేకర్లు ఎక్కువ. ట్రక్కు వెనక చక్రాలు బ్రేకరు దిగగానే హుక్కు కిందికి వంగి, ట్రైలర్ ముందుండే చిన్న జాకీ చక్రం నేలను కొడుతుంది. కొనే ముందే హుక్కు ఎత్తు, ట్రైలర్ ముక్కు ఎత్తు టేపుతో కొలవండి. రెండూ కలిసినప్పుడు ట్రైలర్ నేలకు సమంగా ఉండాలి.

అన్నిటికంటే ముందు, తయారీదారు నోటితో చెప్పిన బరువును లెక్కలోకి తీసుకోకండి. కాటా వేయించండి.

సుధాకర్, తాంబరం, చెన్నై

చట్టం వైపు నుంచి క్లుప్తంగా రాస్తాను. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్ కూడా ఒక వాహనమే కనుక దానికి వేరుగా రిజిస్ట్రేషన్ కావాలి. లాగే బండి నంబరు కూడా దాని వెనక కనబడాలి అని 61వ సెక్షన్ చెబుతుంది. 750 కిలోలు దాటి 3.5 టన్నుల వరకు ఉన్న ట్రైలర్లు టి2 అనే తరగతిలోకి వస్తాయి. మీ తయారీదారు ఈ నమూనాకు గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ నుంచి ఆమోదం తీసుకున్నారా అని అడిగి, ఆ పత్రం చూడండి. పుణెలోని ఏఆర్ఏఐ, మా వైపు ఒరగడంలోని జీఏఆర్‌సీ అటువంటివే. ట్రక్కుకు బయట హుక్కు బిగించే ముందు కూడా ఆర్‌టీఓ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ రాతపూర్వకంగా అడగండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 52వ సెక్షన్ నిరోధిస్తుంది. బండి నడుస్తున్నంతసేపు ట్రైలర్‌లో ఎవరూ ఉండకూడదు. అమ్మగారికి నడుం వాల్చాలనిపించినా బండి ఆపి, అప్పుడే లోపలికి తీసుకువెళ్లండి.

శ్రీధర్, కాడుగోడి, బెంగళూరు

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించాలి. మీరంతా చెప్పినట్టు కాటా వేయించాకనే రాయాలని ఆగాను.

తయారీదారు దగ్గర ఒక లారీని అద్దెకు తీసుకొని ట్రైలర్‌ను కాటాకు తీసుకుపోయాము. 1,650 అన్న ఖాళీ బరువు 1,790గా తేలింది. అల్మారాలకు మందపాటి ప్లైవుడ్ వాడారు, ఏసీ కూడా ముందు చెప్పిన లెక్కలో లేదు. నీళ్లు నింపి, సిలిండరు, బ్యాటరీలు పెట్టి, మా సామాను బదులు ఇసుక బస్తాలు వేస్తే 2,260 వచ్చింది. తరువాత లారీ నుంచి విడదీసి, నాలుగు చక్రాలు కాటా మీద, జాకీ చక్రం కాటా బయట నేల మీద ఉండేట్టు నిలిపాము. అప్పుడు కాటా 2,110 చూపించింది. అంటే ముక్కు బరువు 150 కిలోలు, ఏడు శాతం కూడా లేదు. కారణం కోసం కిందికి వంగి చూస్తే నీళ్ల ట్యాంకు ఇరుసులకు 1.6 మీటర్లు వెనక, బాత్రూము కింద వేలాడుతున్నది. గొట్టం పొదుపవుతుందని అక్కడ పెట్టారట. బ్రేకు ఓవర్‌రన్ రకం, అదీ ఒక్క ఇరుసుకే.

ట్యాంకును ఇరుసుల ముందుకు జరిపి, విద్యుత్ బ్రేకులు పెట్టించుకుంటే సరిపోతుందా? ఇంకా ఏమైనా చేయాలా?

మాధవి, సర్జాపూర్ రోడ్డు, బెంగళూరు

శ్రీధర్ గారూ, ట్యాంకు జరపడం తప్పనిసరి. 150 కిలోల నీటిని ఇరుసులకు 1.6 మీటర్లు వెనక నుంచి 0.8 మీటర్లు ముందుకు తెస్తే, ముక్కుకూ ఇరుసులకూ మధ్య 4 మీటర్లు ఉందనుకుంటే, హుక్కు మీద 90 కిలోలు పెరుగుతాయి. అప్పుడు ముక్కు బరువు 240, అంటే పదిన్నర శాతం. ఆ మేరకు ఊపు భయం తగ్గుతుంది.

కాని నన్ను కలవరపెడుతున్నది 2,260 అన్న అంకె. మీరు చూసిన రెండు పికప్‌లూ ఖాళీగా దాదాపు 2 టన్నులుంటాయి. మీ ట్రైలర్ లాగే బండి కంటే బరువైనది అవుతున్నది. బ్రిటన్‌లో క్యారవాన్ అని పిలిచే ఇటువంటి ట్రైలర్‌ను కొత్తగా లాగేవారికి, దాని నిండు బరువు లాగే బండి ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదని సలహా ఇస్తారు. అది చట్టం కాదు. అమెరికాలో ట్రక్కు కంటే బరువైన ట్రైలర్లను లక్షలాది మంది లాగుతున్నారు, మేమూ లాగాము. అయినా నేరుగా సాగే అక్కడి రోడ్లు వేరు, మొగిలి ఘాట్ వేరు. మీరు మొదటిసారి లాగబోతున్నారు. 85 శాతం లెక్కన మీ ట్రైలర్ నిండు బరువు 1,700 కిలోల లోపు ఉండాలి. మన దగ్గర తెల్ల నంబరు ప్లేటుతో దొరికే పికప్‌లు కొద్ది రకాలే అయినప్పుడు, ట్రైలర్‌కు తగ్గ ట్రక్కు కోసం వెతకడం కంటే ట్రక్కుకు తగ్గ ట్రైలర్ కట్టించుకోవడమే మార్గమని నాకు అనిపిస్తున్నది. బయానా పోతుందేమో, నాకు అర్థమవుతుంది. అయినా ఆలోచించండి.

ట్రక్కు విషయంలో నా మొగ్గు ఆటోమేటిక్ హైలక్స్ వైపే. 360కి, 500కి ఉన్న తేడా కంటే కూడా, వెనక బరువుతో కేఆర్ పురం వంతెన ఎక్కుడులో నిలిచి నిలిచి కదిలేటప్పుడు క్లచ్చు కాలే బాధ ఉండదు. అయితే ఐదుగురి బరువు, సామాను, హుక్కు మీద బరువు మూడూ కలిపి ఆ బండి మోయగలిగిన దానిలో ఇమడాలి. మీరు ఎంచుకున్న రకానికి తయారీదారు బిగించిన ప్లేటు మీద ఉన్న గరిష్ఠ మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేసి, ఆ అంకెతో సరిచూసుకోకుండా డబ్బు కట్టకండి.

రమణయ్య, రెడ్‌హిల్స్, చెన్నై

మాధవి గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్కటి కలుపుతాను. నీళ్లు ట్యాంకు నిండా నింపుకొని బయలుదేరవలసిన అవసరం లేదు. దారిలో బాత్రూముకు సరిపడా 40 లీటర్లు చాలు, మిగతావి దిగేచోట నింపుకోవచ్చు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి కనుక లోపల అడ్డు పలకలు పెట్టించండి.

శ్రీధర్, కాడుగోడి, బెంగళూరు

తయారీదారుతో కూర్చొని కాటా చీటీలు ముందు పెట్టి మాట్లాడాను. ఆయన కాదనలేదు. కట్టిన ట్రైలర్‌ను కదలకుండా నిలిపి వాడుకునే ఒక రిసార్టు వారికి ఇచ్చేసి, మా బయానాతో 14 అడుగులది కట్టడానికి ఒప్పుకున్నారు. నిండు బరువు 1,600 కిలోలు దాటకూడదని, ట్యాంకు ఇరుసుల ముందే ఉండాలని, విద్యుత్ బ్రేకులు అన్ని చక్రాలకూ ఉండాలని, కాటా వేయించాకనే చివరి విడత డబ్బు ఇస్తానని ఒప్పందంలో రాయించాను. పిల్లలకు వేరే పడకలు ఉండవు, రాత్రికి బల్ల మడిచి పరుపు వేసుకోవాలి. అమ్మ పడక, బాత్రూము మాత్రం అలాగే ఉన్నాయి.

ఆటోమేటిక్ హైలక్స్‌కు మన దేశపు రకం ఎంత లాగవచ్చో రాతపూర్వకంగా ఇవ్వమని ఉత్తరం పెట్టాను. ఆ జవాబు, కొత్త ట్రైలర్ కాటా చీటీ రెండూ చేతికి వచ్చాక ఇక్కడే రాస్తాను.